దూరదేశపు యుద్ధమూ, మన కవిత్వమూ

యుద్ధాన్ని ద్వేషించే కవిత్వానికి తెలుగులో కొదవ లేదు. 1960వ దశకం మధ్య నుంచి 1975 ఏప్రిల్ 30న సైగాన్ నగరం విముక్తి పొందేవరకు వెలువడిన అభ్యుదయ, విప్లవ పత్రికలు తిరగవేసినవారికి వియత్నాం పేరు మళ్లీ మళ్లీ తగులుతుంది. ఆ కవితల్ని ఒక తరం సభల్లో చదివింది, గోడల మీద రాసింది, కంఠస్థం చేసింది. ఆ తరానికి నేను ఋణపడి వున్నాను. ఆ కవితలే లేకపోతే మెకాంగ్ అనే నది ఒకటి వుందని భోగాపురంలో పుట్టిన నాబోటివాడికి భూగోళం పుస్తకం చెప్పాలి తప్ప మరొకరు చెప్పరు. ఐతే ఋణపడి వుండడం వేరు, లెక్క చూసుకోకపోవడం వేరు. యీ వ్యాసంలో నేను చూడదలచుకున్నది ఆ లెక్క.

దీనికి ప్రేరణ పుస్తకం కాదు, తరగతి గది. నిరుడు డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థులకు ఆధునిక కవిత్వం చెబుతూ, యుద్ధం అనే వస్తువు ప్రస్తావనకు రాగా, దేవరకొండ బాలగంగాధర తిలక్ ‘సైనికుడి ఉత్తరం’ తీశాను. దానికి ముందు రెండు మూడు వియత్నాం కవితలు కూడా చదివి వినిపించాను. చివరి బల్ల మీద కూర్చునే కుర్రవాడు లేచి, “మాస్టారూ, మా అన్న మిలట్రీలో వున్నాడు. యీ కవితలు మా అన్నని తిడుతున్నట్టా, కాదా?” అని అడిగాడు. తరగతిలో ఎవరూ నవ్వలేదు. నవ్వకపోవడానికి కారణం వుంది. ఇంట్లో సిపాయి వున్నవాళ్లు చేతులెత్తమంటే నలభైమందిలో పదకొండు చేతులు లేచాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తెల్లవారుజామున హైవే పక్కన పరుగులు తీసే కుర్రాళ్లని చూడనివారు లేరు. వాళ్లు పరుగెత్తేది ఒళ్లు తగ్గడానికి కాదు, సెలక్షన్లకి.

అప్పటికప్పుడు నేను చెప్పిన సమాధానం గైడు పుస్తకాల సమాధానం: కవి తిట్టింది యుద్ధాన్ని నడిపించేవాళ్లని, యుద్ధం చేసేవాళ్లని కాదు. కుర్రవాడు కూర్చున్నాడు గాని ఒప్పుకోలేదు. ఆ రాత్రి ఆ కవితల్ని నా చెవితో కాక వాడి చెవితో మళ్లీ చదివాను. న్యాయం వాడి పక్షానే వుందనిపించింది.

ఒక పరీక్ష పెట్టి చూద్దాం. సగటు వియత్నాం కవిత ఒకటి తీసుకుని మెకాంగ్ వున్నచోట టైగ్రిస్ అని రాయండి. జాన్సన్ పేరు కొట్టివేసి బుష్ పేరు పెట్టండి. కవితకు ఏ నొప్పీ కలగదు, ఛందస్సు కూడా చెడదు. 2003లో ఇరాక్ మీద దాడి జరిగినప్పుడు మన పత్రికల్లో జరిగింది చాలావరకు యిదే. నాపాం మంట, నేలకూలిన పావురం, రక్తం, తూర్పున ఎరుపెక్కే ఆకాశం - యీ దినుసులతో ఏ దేశానికైనా వంట చెయ్యవచ్చు. ఏ దేశానికైనా సరిపోయే కవిత ఏ దేశాన్నీ చూడలేదనే అర్థం. అటువంటి కవితలో కవి ఎక్కడ నిలబడి మాట్లాడుతున్నాడు? ఎక్కడో ఎత్తున, రెండు సైన్యాలూ ఒకేసారి కనబడే చోట. అంత ఎత్తు నుంచి చూస్తే చచ్చేవాడు అమరుడిగానూ, చంపేవాడు రాక్షసుడిగానూ మాత్రమే కనబడతారు. చంపడానికి వచ్చినవాడు ఏ వూరివాడు, వాడినెవరు పంపారు, ఏం ఆశ చూపి పంపారు, వాడు రానంటే ఏమయ్యేది - యివి కనబడవు. చివరి బల్ల కుర్రవాడికి కావలసినవి సరిగ్గా యివే.

ఇలా అన్నంత మాత్రాన నినాదం కవిత్వం కాదని దీర్ఘాలు తీసే కళావాదుల గుంపులో నన్ను కలపవద్దు. నినాదానికి దాని చోటు వుంది, దాని ఖరీదూ వుంది. నీ పేరూ నా పేరూ వియత్నామేనని కలకత్తా విద్యార్థులు అరిచింది సాహిత్యసభలో కాదు, పోలీసుల ఎదుట. వియత్నాం యుద్ధాన్ని 1968 ఫిబ్రవరి దాకా రక్షణమంత్రిగా నడిపిన రాబర్ట్ మెక్‌నమారా అదే ఏడాది నవంబరులో ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడి హోదాలో ఆ నగరానికి వస్తే, జనం వీధుల్లోకి వచ్చి తమ అభిప్రాయం చెప్పారు. అమెరికా కాన్సులేటు వున్న హారింగ్‌టన్ వీధికి తరువాత హోచిమిన్ పేరు పెట్టారు. అమెరికా ఉద్యోగులు తమ చిరునామాలో ఆ పేరు రాసుకోక తప్పదు. యింతకన్న చక్కని వ్యంగ్యరచన ఆ యుద్ధం మీద మన దేశంలో రాలేదని నా అభిప్రాయం. రాసినవాడు మునిసిపల్ గుమాస్తా కావచ్చు!

కాగా, ఆ యుద్ధాన్ని ఆపిన శక్తుల్లో నిరసన ఒక్కటే లేదు, నిరాకరణ కూడా వుంది. యీ రెండు మాటలకూ తేడా వుంది. నిరసన చూసేవాడు చేసేది. నిరాకరణ వెళ్లవలసినవాడు చేసేది. వియత్నాం ప్రజల ప్రతిఘటనే ఆ యుద్ధాన్ని ఓడించిందనడం నిర్వివాదాంశం. 1995లో అక్కడి ప్రభుత్వం ప్రకటించిన లెక్క ప్రకారం 20 లక్షలమంది పౌరులూ, 11 లక్షలమంది పోరాటయోధులూ ప్రాణాలిచ్చారు. ఐతే 1969లో అయిదు లక్షల నలభై వేలమందిని ఆ గడ్డ మీద నిలబెట్టిన ప్రభుత్వం వాళ్లని వెనక్కు పిలవవలసి రావడానికి దాని యింట్లోనే కారణాలు పుట్టాయి. 1967 ఏప్రిల్ 28న హూస్టన్‌లో సైన్యంలో చేర్చుకునే చోట మహమ్మదాలీ పేరు పిలిస్తే ఆయన అడుగు ముందుకు వెయ్యలేదు. అంతే చేశాడు. ఉపన్యాసాలు ముందూ వెనకా ఎన్ని చెప్పినా, ఆ క్షణాన చేసింది ఒక అడుగు వెయ్యకపోవడమే. దానికి ప్రపంచ ఛాంపియన్ పట్టం పోయింది. అదే ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ న్యూయార్కులోని రివర్‌సైడ్ చర్చిలో యుద్ధాన్ని ఎండగట్టాడు. 1970 మే 4న కెంట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డు కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఆ దేశంలో ప్రతి కుర్రవాడి గుమ్మంలోకీ పిలుపు కాగితం రావచ్చు కాబట్టి, ఆ కాలపు నిరసనకీ నిరాకరణకీ మధ్య గోడ పలచగా వుండేది.

1973లో నిర్బంధ సైనిక సేవ ఆగిపోయింది. అప్పటినుంచి అక్కడి సైన్యంలోకి వెళ్లేవాడు కాగితం వచ్చి కాదు, జీతం కోసమో, చదువు ఖర్చు కోసమో వెళుతున్నాడు. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దని ప్రపంచమంతటా లక్షలాది జనం వీధుల్లోకి వచ్చారు. అంత పెద్ద ప్రదర్శన ఒక్కరోజున అంతకుముందెన్నడూ చూడలేదన్నారు. మార్చి 20న యుద్ధం మొదలైంది. ప్రదర్శన చేసినవాళ్లు వేరు, వెళ్లినవాళ్లు వేరు. యీ విషయం అమెరికా చరిత్రగా నేను చెప్పడం లేదు. సైన్యం పేదవాడి ఉద్యోగంగా మారిన ప్రతిచోటా యుద్ధ వ్యతిరేక సాహిత్యానికి వచ్చే చిక్కు యిది. మన చిక్కు కూడా యిదే.

మన చిక్కు నిన్న మొన్నటిది కాదు. ఉత్తర హిందూస్థానంలో కంపెనీ సిపాయిని ‘తిలంగా’ అనేవారు. క్లైవు చెన్నపట్నం నుంచి బెంగాలుకు తీసుకుపోయిన సిపాయిల్లో తెలుగుదేశంవాళ్లు వుండడం వల్ల వచ్చిన పేరది. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని కూడా జనం అదే పేరుతో పిలిచారు, వాళ్లు అవధ్ వాళ్లయినా సరే. ఒక జాతి పేరు మరొక ప్రాంతంలో ‘పరాయివాడి యుద్ధంలో కూలికి పోరాడేవాడు’ అనే అర్థంలో నిఘంటువుకెక్కిందంటే అది చిన్న సంగతి కాదు. ప్లాసీ యుద్ధం 1757 జూన్ 23న జరిగింది. అదే ఏడు జనవరి 24న, భోగాపురానికి ఎంతో దూరం లేని బొబ్బిలిలో, విజయనగరం రాజు పక్షాన ఫ్రెంచి బుస్సీ ఫిరంగులు మోగాయి. బొబ్బిలి కథ మన జంగం కథకులు యిన్ని తరాలు పాడారు. తాండ్ర పాపారాయుడి కత్తి పాడారు. యిది తప్పు కాదు. ఐతే ఎక్కడో సముద్రాలవతల పుట్టి, ఎవరో రాజుల తగవు తీర్చడానికి బొబ్బిలి కోట ముందు చచ్చిన ఫ్రెంచి కూలివాడి గురించి గాని, అదే సంవత్సరం బెంగాలు మట్టిలో కలిసిన తెలుగు కూలివాడి గురించి గాని పాట లేదు. వీరగాథకు వాళ్లు పనికిరారు.

వాళ్లు ఎప్పుడైనా మేం రామన్నారా? అన్నారు. 1780లో హైదరాలీ కర్ణాటకం మీద విరుచుకుపడ్డాడు. సెప్టెంబరు 10న పొల్లిలూరు దగ్గర కంపెనీ పటాలం ఒకటి తుడిచిపెట్టుకు పోయింది. చెన్నపట్నం హడలిపోయి సర్కారు జిల్లాల నుంచి సిపాయిల్ని ఓడల మీద పంపమంది. అక్టోబరు 3న విశాఖపట్నంలో సిపాయిల్ని ఓడ ఎక్కమంటే, ఎక్కలేదు. తుపాకులు తిప్పి తెల్ల అధికారుల్ని కాల్చారు, ఖజానా పట్టుకుపోయారు. తరువాత అణచివేశారు. నలభైనాలుగేళ్ల తరువాత, 1824 నవంబరు 2న, కలకత్తా దగ్గర బారక్‌పూరులో బెంగాలు పటాలం ఒకటి బర్మా యుద్ధానికి పోనంది. వాళ్ల మీద ఫిరంగులు పేల్చారు. విశాఖ సిపాయిలు పొమ్మన్న చోటు చెన్నపట్నమే గదా, అది పరదేశం ఎలా అవుతుందని ఎవరైనా అడగవచ్చు. ఓడ ఎక్కవలసిన ప్రతి చోటూ ఆనాటి సిపాయికి పరదేశమే, ఆ తగవు అతనిది కాదు గనుక.

యీ తిరుగుబాట్లను అతిగా అలంకరించడం నాకిష్టం లేదు. బారక్‌పూరు సిపాయిల కోరికల పట్టీలో ప్రపంచశాంతి లేదు, సామాన్లు లాగే ఎడ్లు వున్నాయి, బత్తెం వుంది. విశాఖలో ఖజానా దోచుకోవడం ఏ సిద్ధాంతంతోనూ కాదు. మన విమర్శకులు కొందరు యిటువంటి చోట ముఖం తిప్పుకుంటారు, చైతన్యం చాలలేదంటారు. నాకు మాత్రం ఎడ్లూ బత్తెమూ అడిగిన ఆ నోటిలోనే నిరాకరణకు అసలు భాష వుందనిపిస్తుంది. యుద్ధం సిపాయి దగ్గరకు సిద్ధాంతంగా రాదు. మోతగా వస్తుంది, బాకీ పడ్డ జీతంగా వస్తుంది, ఓడగా వస్తుంది. వద్దనడం కూడా ఆ రూపంలోనే వస్తుంది. యీ భాషని మన యుద్ధ వ్యతిరేక కవిత్వం నేర్చుకోలేదు. విశాఖలో పుట్టిన శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో చరిత్ర కింద నలిగినవాళ్లెవరని అడిగాడు. 1930వ దశకంలో అడిగిన ఆ ప్రశ్నకు ఆయన పుట్టిన వూళ్లోనే, సముద్రం ఒడ్డునే, నూటయాభై ఏళ్ల కిందటి సమాధానం ఒకటి వుంది. ఆ సమాధానం మీద పద్యం యింకా రావలసి వుంది.

రెండో ప్రపంచయుద్ధం దగ్గర మన లెక్క మరింత చిక్కుపడుతుంది. 1939 సెప్టెంబరు 3న వైస్రాయి ఎవర్నీ అడగకుండా హిందూదేశం యుద్ధంలో వుందని ప్రకటించాడు. కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా యిచ్చాయి. 1940 అక్టోబరు 17న వినోబాతో మొదలైన వ్యక్తి సత్యాగ్రహంలో చేసే నేరం ఒక్కటే: బ్రిటిషు యుద్ధానికి మనిషినీ డబ్బునీ యివ్వడం తప్పని నలుగురిలో నిలబడి ఒక వాక్యం పలకడం. ఆ ఒక్క వాక్యానికి ఆంధ్రదేశంలోనూ ఎందరో జైళ్లకు వెళ్లారు. కమ్యూనిస్టులు అంతకన్న ఘాటుగా దమ్మిడీ యివ్వం, మనిషినివ్వం అన్నారు. సామ్రాజ్యవాద యుద్ధం అనే మాట అప్పుడే వాడుకలోకి వచ్చింది. 1941 జూన్ 22న హిట్లరు సోవియట్ రష్యా మీద పడ్డాడు. ఆ తరువాత అదే యుద్ధం ప్రజాయుద్ధమైంది. 1943 ఫిబ్రవరిలో తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం పుట్టింది ఆ వాతావరణంలోనే. అంటే, పుట్టుకతోనే యుద్ధ వ్యతిరేకులమని మనం చెప్పుకోలేం. ఫాసిజం మీద యుద్ధం గెలవాలని కోరుతూ పుట్టాం. దీన్ని దాచుకోవలసిన పని లేదు. ‘గర్జించు రష్యా’ నా దృష్టిలో సిగ్గుపడవలసిన కవిత కాదు, ఏ పక్షాన వున్నానో తెలిసి రాసిన కవిత. యుద్ధమంటేనే వద్దనే అహింసావాది లెక్క తేలిక. ఏ యుద్ధం, ఎవరి యుద్ధం అని అడిగేవాడి లెక్క కష్టం. మనం కష్టమైన లెక్క ఎంచుకున్నాం. ఎంచుకున్నాక పూర్తిగా చెయ్యాలి.

ఆ లెక్కలో మేం సాధారణంగా వదిలేసే అంకె ఒకటి మా యింట్లోనే వుంది. మా తాతకు అన్నగారు ఒకాయన మొదట రంగం పోదామనుకున్నాడు. అప్పట్లో మా వైపు కూలి దొరకనివాడికి రంగూను ఒక ఆశ. 1942లో జపానువాళ్లు బర్మా పట్టుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. రంగం వెళ్లినవాళ్లే అడవుల వెంట నడిచి, చావగా మిగిలినవాళ్లు యిల్లు చేరారు. ఆ ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను బాంబులు పడ్డాయి. మరుసటి సంవత్సరం ఆయన పయొనీర్ దళంలో చేరి, కూలివాడిగా వెళ్లలేకపోయిన బర్మా వైపే సిపాయి చొక్కా తొడుక్కుని వెళ్లాడు. అక్కడా చేసింది కూలిపనే: రోడ్లు వెయ్యడం, మోతలు మొయ్యడం. కుడిచేతికి రెండు వేళ్లు తక్కువగా తిరిగి వచ్చాడు. ఫాసిజం గురించి గాని, సామ్రాజ్యవాదం గురించి గాని ఆయన ఒక్క మాటా అనలేదట. యుద్ధం సంగతి అడిగితే మాత్రం, అక్కడ మూడు పూటలా తిండి పెట్టేవారని చెప్పేవాడట. బెంగాలులో లక్షలాదిమంది తిండి లేక చచ్చిన సంవత్సరం అది. చిన్నప్పుడు నేను గొప్పగా “మా పెద్దతాత జపాను మీద యుద్ధం చేశాడు” అంటే మా నానమ్మ, “పొట్టకూటికి ఎల్లినాడు గాని బాబూ, ఎవుల మీద కోపమొచ్చి ఎల్లినాడు?” అంది. ఎం.ఏ. లో నేను చదివిన యుద్ధ కవిత్వ విమర్శ అంతటిలో యింత సూటి వాక్యం నాకు దొరకలేదు.

ఇప్పుడు తిలక్ దగ్గరకు రావచ్చు. 1966లో ఆయన చనిపోయాక, 1968లో అచ్చయిన ‘అమృతం కురిసిన రాత్రి’లో వుంది ‘సైనికుడి ఉత్తరం’. తిలక్‌ను వెన్నెల కవి అని, భావకవిత్వపు తోక అని పక్కన పెట్టినవాళ్లు మనలోనే వున్నారు. యీ కవిత ముందు పెట్టుకుని ఆ మాట మళ్లీ అనమనండి. యుద్ధరంగంలో వున్న సిపాయి ఇంటికి రాస్తున్న ఉత్తరంగా నడుస్తుందీ కవిత. ఉత్తరం అన్నమాటలోనే సగం పని జరిగిపోయింది. ఉత్తరానికి ఒక చిరునామా వుంటుంది, ఒక పాత మర్యాద వుంటుంది, క్షేమమని చెప్పి క్షేమం అడగవలసిన అలవాటు వుంటుంది. క్షేమం లేనిచోట కూర్చుని క్షేమం రాయవలసి రావడమే ఆ కవితలోని హింస. కవి ఎత్తు మీద నిలబడలేదు. సిపాయి గుండె ఎత్తులో కూర్చున్నాడు. యుద్ధాన్ని తిట్టే తిట్టు ఏదైనా వుంటే ఆ తిట్టు సిపాయి నోటిది, సిపాయిని తిట్టేది కాదు. నా పరీక్ష దీనికీ పెట్టి చూశాను. యుద్ధం పేరు మార్చవచ్చు, రంగం మార్చవచ్చు, కాని ఉత్తరం చేరవలసిన యిల్లు మార్చడానికి వీల్లేదు. అది తెలుగిల్లు. అందుకే యిది పరాయి దేశంలో జరుగుతున్నా పరాయిది కాదు.

లోపం లేదా అంటే వుంది. యీ సిపాయి మరీ చక్కగా మాట్లాడతాడు. పల్లెటూరి పటాలంవాడి ఉత్తరంలో తణుకు కవిగారి కంఠం అక్కడక్కడా తొంగిచూస్తుంది. ఇంతకన్న ముఖ్యమైనది, వీడు ఎలా వచ్చాడో మనకు బాగా తెలియదు. ఎవరు చేర్చుకున్నారు, బాకీ ఎంత, పొలం ఏమైంది - దుఃఖం ముందు యీ లెక్కలన్నీ మసకబారిపోతాయి. నానమ్మ వాక్యం వరకూ తిలక్ రాలేదు. వచ్చినంత దూరమైనా వచ్చినవాళ్లు మనలో తక్కువ.

కాళీపట్నం రామారావు మరో దారి తొక్కాడు. ‘యజ్ఞం’ మీద మన విమర్శకులు పుట్టలు పుట్టలుగా రాశారు గాని ‘వీరుడు - మహావీరుడు’ మీద రాసింది కొద్ది. ఒక వీధి కొట్లాట కథ అది. ఒకడు బలంవాడు, మరొకడు బక్కవాడు. బక్కవాడు దెబ్బలు తింటాడు, అయినా విడవడు. చుట్టూ జనం. దీన్ని నేను వియత్నాం కథగా చదువుతాను. అలా చదివినవాళ్లు నాకు ముందూ వున్నారు. చదువుతున్నప్పుడు మెకాంగ్ గుర్తుకు రానక్కరలేదు, మన సంత గుర్తుకు వస్తే చాలు. దూరదేశపు యుద్ధాన్ని మన వీధిలోకి దించడమంటే యిదీ. విశాఖపట్నంలో లెక్కలు చెప్పిన మాస్టారు గదా, అంకెలు చిన్నవి చేసి లెక్క అర్థమయ్యేటట్టు చెప్పాడు. నాకు యిందులో బాగా పనికివచ్చేది కొట్టుకునే ఇద్దరికన్న చూస్తున్న జనం. వాళ్లకు అభిప్రాయాలు వున్నాయి, జాలి వుంది. అడ్డం వెళ్లడానికి కాళ్లు లేవు. ఎత్తు మీద నిలబడ్డ వియత్నాం కవులు తమని తాము యీ జనంలో చూసుకుని వుంటే వాళ్ల కవిత్వం మరోలా వుండేది.

యిక మన యింటి పరీక్ష ఒకటి మిగిలింది. పరాయి దేశపు సైన్యం మరో దేశం మీదికి పోతే మనకు గొంతు లేస్తుంది. మన సైన్యం పోతే? 1987 జూలై 29న కుదిరిన ఒప్పందం మీద శాంతిసేన పేరుతో మన సైన్యం శ్రీలంక వెళ్లింది. శాంతి కోసం వెళ్లిన సైన్యం ఆ అక్టోబరుకల్లా జాఫ్నాలో యుద్ధం చేస్తోంది. 1990 మార్చిలో తిరిగి వచ్చేనాటికి దాదాపు 1,200 మంది మన సిపాయిలు చనిపోయారు. అక్కడి తమిళ పౌరుల చావులు వేరే లెక్క. చెన్నైలో ఆ సైన్యానికి స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. ఆయన రాజకీయాలు ఆయనవి, వాటిని నేను మెచ్చుకోవడం లేదు. ఐతే అదీ ఒక అడుగు వెయ్యకపోవడమే. తెలుగులో వియత్నాంకి దొరికినంత కవిత్వం జాఫ్నాకు దొరకలేదు. ఎందుచేత? జాఫ్నా దగ్గర కాబట్టి. దూరదేశపు యుద్ధాన్ని ఖండించడానికి కవికి అయ్యే ఖర్చు సిరాయే. దగ్గరి యుద్ధం దగ్గర కవి తన పాఠకుణ్ణి, పొరుగువాణ్ణి, చివరి బల్ల మీది కుర్రవాణ్ణి ఎదుర్కోవలసి వస్తుంది. ఆ కుర్రవాడి అన్నని తిట్టకుండా ఆ యుద్ధాన్ని వద్దనడమెలాగో మన కవిత్వం అభ్యాసం చెయ్యలేదు. అందుకే మౌనం వహించింది. యీ మౌనాన్ని దేశభక్తి అనడానికి నాకు నోరు రాదు. గురజాడ ‘దేశభక్తి’లో దేశానికి చెప్పిన అర్థం మట్టి కాదని మనం పిల్లలకు బోధిస్తున్నాం.

తిలంగాల కాలం పోయిందని అనుకోవడానికీ లేదు. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలుపెట్టాక, మన దేశపు కుర్రాళ్లు కొందరు సైన్యంలో సహాయకుల ఉద్యోగాలని దళారులు చెప్పిన మాట నమ్మి రష్యా వెళ్లి, తుపాకీ చేతికిచ్చి యుద్ధరంగానికి పంపితే చిక్కుపడ్డారు. హైదరాబాదు యువకుడు ఒకడు చనిపోయినట్టు 2024 మార్చిలో తెలిసింది. యిది సామ్రాజ్యవాద యుద్ధమా, కాదా అని మన వైపు సభల్లో వాదోపవాదాలు జరిగాయి, నేనూ ఒకటి రెండింటిలో కూర్చున్నాను. రెండు పక్షాలవారూ నాటో గురించి చాలాసేపు మాట్లాడారు. ఆ కుర్రవాడి పేరు ఎత్తినవాడు లేడు, నాతో సహా. దళారీ కమిషను ఎంత, ఒప్పందం ఏ భాషలో రాశారు, ఆ భాష వాడికి వచ్చా అనే ప్రశ్నలు ఆ సభల ఎజెండాలో లేవు. 1780 నాటి ఓడ యిప్పుడు విమానమైంది. మా భోగాపురంలో కూడా అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగింది.

తరగతి సంగతి మిగిలిపోయింది. సంక్రాంతి సెలవుల తరువాత ఆ కుర్రవాడు స్టాఫ్ రూముకు వచ్చాడు. తిలక్ కవిత ఫోటో తీసుకుని అన్నకు పంపాడట. అన్న చదివాడా అన్నాను. “చదివేడండి. రెండుసార్లు చదివేడట. బాగుందన్నాడు గాని ఒక తప్పుందన్నాడు మాస్టారూ.”

“ఏమిటది?”

“అలాటి ఉత్తరం యింటికి రాదట. పైవోళ్లు చదివి ఆపేస్తారట.”

మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్సులో వున్న హిందూదేశపు సిపాయిలు రాసిన ఉత్తరాలు అలాగే ఆగాయి. వాటిని చదవడానికి ఒక సెన్సారు కార్యాలయమే వుండేది. ఆ కార్యాలయం అనువదించి దాచిన తునకలు లండనులో యీనాటికీ వున్నాయి. వాళ్ల మనసు మనకు తెలిసిందంటే ఆపినవాళ్ల కాగితాల వల్లనే. యీ మాట కుర్రవాడికి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, “అయితే తిలక్ గారికి తెలుసాండి, ఆ ఉత్తరం చేరదని?” అని అడిగాడు.

నేను పుస్తకం తీసి మళ్లీ మొదటి పంక్తి నుంచి చదవడం మొదలుపెట్టాను.